జడంలో దాగిన చైతన్యం: చంపారణ్య శుద్ధాద్వైతం, ఆధునిక విజ్ఞానం

బిలాస్‌పూర్ పట్టణానికి నేటి రూపురేఖలను ప్రసాదించినది రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే సంస్థ, అంతకుముందున్న నాగపూర్-ఛత్తీస్‌గఢ్ మీటరుగేజి మార్గాన్ని స్వాధీనపరచుకొని, దానిని బ్రాడ్‌గేజిగా మార్చి, 1891 నాటికి ఆసన్‌సోల్ వరకు పొడిగించింది. అర్పా నదీతీరంలో జిల్లా కేంద్రంగా నెమ్మదిగా బ్రతుకుతున్న ఊరికి ఒకవైపు లోకోషెడ్డు, యార్డు, ఎర్రయిటుక క్వార్టర్ల వరుసలు వచ్చిచేరాయి. వాటితోపాటే తెలుగువారూ వచ్చారు. 1931లో రాయపూర్-విజయనగరం మార్గం పూర్తికావడంతో ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్‌కూ నడుమ కొండలను దాటే దారి సుగమమైంది. గ్యాంగు పనివారుగా, ఫైర్‌మన్లుగా, గుమాస్తాలుగా వచ్చిన కుటుంబాలు కొన్ని తరాలుగా అక్కడే స్థిరపడి, ఇంట తెలుగూ వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడుతూ జీవిస్తున్నాయి. 2003 ఏప్రిల్‌లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూర్ ప్రధాన కేంద్రమైన తరువాత ఆ పట్టణపు ప్రాధాన్యం మరింత పెరిగింది.

ఈ తెలుగు కుటుంబాలు ఉద్యోగం కోసం ఛత్తీస్‌గఢ్‌కు రావడానికి నాలుగు శతాబ్దాలకు పూర్వమే మరొక తెలుగు కుటుంబం ఈ నేలపై అడుగుపెట్టింది. వారు వచ్చినది స్థిరపడడానికి కాదు, దారిలో ఆగవలసివచ్చింది. ఆ ఆగిన చోట పుట్టిన శిశువే శుద్ధాద్వైత స్థాపకులైన వల్లభాచార్యులు. బిలాస్‌పూర్ నుండి రైలులో రాయపూర్ సుమారు 110 కిలోమీటర్లు. అక్కడి నుండి రోడ్డుమార్గాన రాజిం దిక్కుగా వెళితే మహానది ప్రాంతంలో చంపారణ్యం, వాడుకలో చంపారన్, వస్తుంది. బీహారులోని గాంధీజీ చంపారన్‌తో దీనిని పొరబడేవారు ఇప్పటికీ ఉన్నారు. నేడు అక్కడికి వచ్చే యాత్రికులలో గుజరాతీ మాట్లాడేవారే ఎక్కువ. వల్లభులు పుట్టుకచేత తెలుగువారన్న సంగతి తెలుగువారిలోనే చాలమందికి గుర్తు లేదు.

ఆధునిక చైతన్య విజ్ఞానాన్ని వేదాంతంతో పోల్చే ప్రసంగాలు, గ్రంథాలు గత వంద సంవత్సరాలుగా విరివిగా వెలువడుతున్నాయి. వాటిలో "అద్వైతం" అన్నప్పుడల్లా శంకరభగవత్పాదుల కేవలాద్వైతమే అర్థమవుతుంది. అది సహజమే కాని, సమగ్రం కాదు. నేటి శాస్త్రవేత్తలను వేధిస్తున్న ప్రశ్నకు, అంటే జడపదార్థం నుండి ఎరుక ఎలా పుట్టిందన్న ప్రశ్నకు, మరింత దగ్గరగా వచ్చి మాట్లాడే అద్వైతం వల్లభులది అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆ దగ్గరితనం ఎంతవరకో, ఎక్కడ తెగిపోతుందో పరిశీలించడమే ఇక్కడి ప్రయత్నం.

వల్లభుల తండ్రి లక్ష్మణభట్టు, తల్లి ఇల్లమ్మ. వేలనాటి వైదిక బ్రాహ్మణులు, కృష్ణయజుర్వేద తైత్తిరీయ శాఖవారు, భారద్వాజ గోత్రీకులు. ఉత్తరాదిన ఈ వంశీయులను నేటికీ "తైలంగ" బ్రాహ్మణులనే పిలుస్తారు. కాశీలో నివసిస్తున్న ఆ దంపతులు దండయాత్ర భయంచేత స్వదేశానికి పయనమై వస్తుండగా, 1479లో, అడవిదారిలో నెలలు నిండకముందే ఇల్లమ్మకు ప్రసవమైంది. శిశువులో చలనం కనిపించలేదు. మృతశిశువు అనుకొని ఆకులలో పొదివి ఒక జమ్మిచెట్టు క్రింద ఉంచి ముందుకు సాగారు. తిరిగి వచ్చి చూడగా శిశువు అగ్నివలయం మధ్య ఆడుకొంటూ కనిపించాడని సంప్రదాయం చెబుతుంది. అగ్నివలయాన్ని చరిత్రగా నిరూపించడం ఎవరి తరమూ కాదు. జనన సంవత్సరం విషయంలోనూ పండితులలో కొంత భేదాభిప్రాయం ఉంది. విజయనగర సభలో వల్లభులు మాయావాదులను ఓడించగా కృష్ణదేవరాయలు కనకాభిషేకం చేశాడన్న కథనాన్ని సైతం చరిత్రకారులందరూ అంగీకరించలేదు. అయినా జమ్మిచెట్టు కథలోని ఒక మెలిక మన విషయానికి మిక్కిలి అవసరమైనది: చూసేవారికి చైతన్యం కనిపించలేదు, కాని లోపల అది ఉన్నది.

ఆ శిశువు పెద్దవాడై నిర్మించిన దర్శనమంతా ఈ "కనిపించకపోవడం" అన్న భావన చుట్టూనే తిరుగుతుందంటే అతిశయోక్తి కాదు. బ్రహ్మసూత్రాలపై రచించిన అణుభాష్యంలోను (దీని చివరి భాగాన్ని కుమారులు విఠ్ఠలనాథులు పూర్తిచేశారు), తత్త్వార్థదీప నిబంధంలోను వల్లభులు ప్రతిపాదించిన సిద్ధాంత సారం ఇది. బ్రహ్మం సచ్చిదానంద స్వరూపం. ఈ జగత్తు ఆ బ్రహ్మమే. మాయ వలన తోచే భ్రాంతి కాదు. అయితే బ్రహ్మానికి ఆవిర్భావ, తిరోభావ శక్తులు రెండున్నాయి. రాయిలో, మట్టిలో, నీటిలో సదంశ మాత్రమే ప్రకటమై, చిదానందాలు తిరోహితమై ఉంటాయి. జీవునిలో సత్తు, చిత్తు ప్రకటమై, ఆనందం మాత్రం మరుగున ఉంటుంది. అంతర్యామిలో మూడూ ప్రకటమే. అంటే జడానికీ జీవికీ నడుమ ఉన్నది జాతిభేదం కాదు, ప్రకాశభేదం. అగ్ని నుండి నిప్పురవ్వలు చిమ్మినట్లు జీవులు బ్రహ్మం నుండి వెలువడతారన్న ఉపనిషద్దృష్టాంతాన్ని వల్లభులు ఉపమానంగా కాక అక్షరార్థంగానే స్వీకరించారు. బంగారం నగ అయినా బంగారంగానే ఉన్నట్లు, బ్రహ్మం జగత్తుగా పరిణమించినా వికారం పొందదని వారి వాదం. దీనికే అవికృత పరిణామవాదమని పేరు. మాయా సంబంధం లేని అద్వైతం కనుక ఇది శుద్ధాద్వైతం అయింది.

ఇందులో మరొక సూక్ష్మ విభాగం ఉంది. దానిని చాలమంది వ్యాఖ్యాతలు పైపైన దాటిపోతారు. వల్లభులు ప్రపంచాన్నీ సంసారాన్నీ వేరుచేశారు. ప్రపంచం భగవత్కార్యం, కనుక సత్యం. సంసారం జీవుని అవిద్య అల్లుకొన్న అహంతామమతల వల, కనుక మిథ్య. చెట్టు సత్యం, "ఈ చెట్టు నాది" అన్నది మిథ్య. శంకరాద్వైతం జగత్తుకు వ్యావహారిక సత్యాన్ని అంగీకరించి, పరమార్థదృష్టిలో దానిని ఉపసంహరిస్తుంది. వల్లభులు ఆ ఉపసంహారానికి ఒప్పుకొనరు. జ్ఞానం కలిగితే నశించేది సంసారమే గాని ప్రపంచం కాదంటారు.

ఇంత స్పష్టమైన దర్శనం పాశ్చాత్య విజ్ఞానంతో సంభాషణలోకి రాకపోవడానికి కారణాలు చారిత్రకమైనవి. శుద్ధాద్వైతం పుష్టిమార్గంగా గుజరాత్, రాజస్థాన్, వ్రజభూములలో వేళ్లూనింది. నాథద్వారంలోని శ్రీనాథజీ సేవలో, కీర్తనలో, నైవేద్యంలో అది జీవించింది. విశ్వవిద్యాలయ తత్త్వశాస్త్ర శాఖలలో అంతగా కాదు. పాశ్చాత్య లోకానికి ఉపనిషత్తులు మొదట 1801-02లో ఆంకెతిల్-ద్యుపెరాన్ లాటిన్ అనువాదం ద్వారా చేరాయి. షోపెన్‌హోవర్ వాటిని ఆరాధించాడు. ఆ శతాబ్దాంతాన వివేకానందులు చేసిన ప్రచారంతో "వేదాంతం" అన్న పదానికి అద్వైతమే ప్రధానార్థంగా స్థిరపడింది.

వివేకానందుల ప్రస్తావన ఛత్తీస్‌గఢ్ దృష్ట్యా కూడ అవసరం. 1877లో తండ్రి విశ్వనాథదత్త రాయపూర్‌లో ఉండగా బాలుడైన నరేంద్రుడు అక్కడికి బయలుదేరాడు. నాగపూర్ దాటి రైలు లేదు. అడవుల గుండా ఎద్దుబండిలో ఎన్నో రోజుల ప్రయాణం. ఒకచోట కొండచరియ నెర్రెలో పైనుండి క్రిందిదాకా వ్రేలాడే బ్రహ్మాండమైన తేనెపట్టును చూసి, దానిని కట్టిన తేనెటీగలను గురించి ఆలోచిస్తూ ఆ బాలుడు కొంతసేపు బాహ్యస్మృతి కోల్పోయాడనీ, తేరుకొనేసరికి బండి చాలదూరం సాగిపోయిందనీ ఆయన జీవితచరిత్రకారులు నమోదు చేశారు. ఛత్తీస్‌గఢ్‌కు రైలు వచ్చి ఉంటే ఆ అనుభవం కలిగేదా అని బిలాస్‌పూర్‌లోని రైల్వే మిత్రులు హాస్యమాడడం కద్దు! అది అలా ఉంచితే, 1896లో న్యూయార్కులో నికోలా టెస్లాను కలిసిన వివేకానందులు, ద్రవ్యమూ శక్తీ రెండూ ఒకే మూలానికి చెందినవని టెస్లా గణితం ద్వారా నిరూపించగలనంటున్నాడని ఒక లేఖలో ఉత్సాహంగా వ్రాశారు. ఆ నిరూపణ టెస్లా నుండి రాలేదు. వేదాంతానికి విజ్ఞానం నుండి ధ్రువపత్రం ఆశించే ధోరణికి అది తొలి ఉదాహరణలలో ఒకటి. ఆ ధోరణి నేటికీ తగ్గలేదు.

భౌతిక శాస్త్రవేత్తలలో ఎర్విన్ ష్రోడింగర్ ఈ విషయంలో అందరికంటె నిజాయితీగా ప్రవర్తించాడు. ప్రాణమంటే ఏమిటో చర్చిస్తూ 1944లో ప్రచురించిన తన చిన్న గ్రంథపు చివర ఉపనిషత్తులను స్మరించి, చైతన్యం బహువచనాన్ని సహించదన్న అభిప్రాయాన్ని వెలిబుచ్చాడు. దానిని తన సమీకరణాల ఫలితంగా చెప్పుకోలేదు. తన తాత్త్విక విశ్వాసంగానే ప్రకటించాడు.

చైతన్యం ప్రయోగశాలలో గౌరవనీయమైన పరిశోధనాంశం కావడానికి ఇరవయ్యవ శతాబ్ది చివరి దశకం రావలసివచ్చింది. 1990లో ఫ్రాన్సిస్ క్రిక్, క్రిస్టాఫ్ కాఖ్ కలిసి చైతన్యానికి నాడీసంబంధమైన ఆధారాన్ని వెదకాలని పిలుపునిచ్చారు. 1994లో అరిజోనాలోని టూసాన్ నగరంలో జరిగిన సభలో డేవిడ్ చామర్స్ అనే యువ తాత్త్వికుడు "కఠిన సమస్య"ను ముందుంచాడు. మెదడు రంగులను ఎలా వేరుచేస్తుందో, మాటలను ఎలా గుర్తుంచుకొంటుందో చెప్పడం శ్రమతో సాధ్యమే. కాని ఆ పనులన్నీ జరిగేటప్పుడు లోపల ఒక అనుభవం ఎందుకుండాలి? ఎరుపు ఎర్రగా ఎందుకు తోచాలి? 1998లో కాఖ్ ఇరవైయైదేళ్లలో చైతన్యపు నాడీ మూలం స్పష్టంగా తెలుస్తుందని చామర్స్‌తో పందెం కాశాడు. 2023 జూన్‌లో న్యూయార్కులో బహిరంగంగా ఓటమిని అంగీకరించి, మద్యపు సీసాల పెట్టెను చామర్స్‌కు సమర్పించాడు.

కఠిన సమస్యకు నేడు వినవస్తున్న సమాధానాలను మన దర్శనాల ప్రక్కన నిలిపి చూడడం ఆసక్తికరం. డేనియల్ డెనెట్ 1991లో వ్రాసిన ప్రసిద్ధ గ్రంథం నుండి నేటి భ్రాంతివాదుల వరకు ఒక వర్గం, లోపలి అనుభవమని మనం అనుకొనేదే మెదడు కల్పించిన భ్రమ అంటుంది. ఇది శంకరుల మాటకు అద్దంలో తలక్రిందులైన ప్రతిబింబం. శంకరులకు చైతన్యం తప్ప మిగిలినది అధ్యాస. వీరికి మిగిలినదంతా సత్యం, చైతన్యమే అధ్యాస. భ్రాంతి కలగడానికి భ్రాంతి పొందేవాడొకడు కావాలి కదా అన్న వేదాంతి ఆక్షేపణను డెనెట్ విమర్శకులు తమ భాషలో మళ్లీమళ్లీ అడిగారు.

రెండవ వర్గం గేలెన్ స్ట్రాసన్, ఫిలిప్ గాఫ్ వంటి సర్వచైతన్యవాదులు. పూర్తిగా ఎరుకలేని పదార్థం నుండి ఎరుక అకస్మాత్తుగా పుట్టిందనడం అసంబద్ధం కనుక, పదార్థపు మూలంలోనే ఏదో రూపంలో అది ఉండితీరాలని వీరి తర్కం. లేనిది పుట్టదు, ఉన్నదే వ్యక్తమవుతుంది. సత్కార్యవాదం చదివినవారికి ఈ మాట కొత్తది కాదు. జడంలో చిదంశ లేకపోలేదు, తిరోహితమై ఉన్నదన్న వల్లభుల వాక్కు ఇక్కడ ఎంత సన్నిహితంగా వినిపిస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు. జగత్తు మిథ్య అనక, విజ్ఞానానికి ఆధారమైన వస్తుప్రపంచాన్ని సత్యంగానే నిలిపి, దానిలోనే చైతన్యానికి చోటు చూపిన అద్వైతం ఇది.

అంతకంటె దగ్గరి పోలిక మరొకటి ఉంది. 1998లో బాట్వినిక్, కోయెన్ అనే పరిశోధకులు ఒక సరళమైన ప్రయోగాన్ని ప్రచురించారు. ఒక వ్యక్తి చేతిని తెరవెనుక దాచి, కనుల ఎదుట రబ్బరు చేతిని ఉంచి, రెండింటినీ ఒకేసారి కుంచెతో నిమురుతారు. కొద్దిసేపటికే స్పర్శ ఆ రబ్బరు చేతి వద్దనే కలుగుతున్నట్లు, అది తనదేనన్నట్లు అతనికి తోస్తుంది. ఇక్కడ రబ్బరు చేయి భ్రాంతి కాదు. బల్లమీద నిజంగానే ఉన్నది. స్పర్శా నిజమే. అబద్ధమైనది "నాది" అన్న ఒక్క భావన. ప్రపంచం సత్యం, మమత మిథ్య అన్న విభాగాన్ని ఇంత సూటిగా చూపే దృష్టాంతం భాష్యకారులకు లభించి ఉంటే తప్పక వాడుకొనేవారు. అహంభావం మెదడు నిరంతరం తయారుచేసుకొనే నమూనా అని జర్మన్ తాత్త్వికుడు థామస్ మెట్సింగర్ 2003లో చేసిన ప్రతిపాదన ఈ కోవలోనిదే. అయితే ఆయన అహంతను తీసివేస్తే మిగిలేది ఎవరూ లేరంటాడు. వల్లభులు భగవదంశ మిగులుతుందంటారు. ఆ భేదం చిన్నది కాదు.

తెలుగునేలపై ఈ సంభాషణకు సంస్థారూపం ఇచ్చినవారు ఆచార్య కోనేరు రామకృష్ణారావు (1932-2021). ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తత్త్వశాస్త్రం అభ్యసించి, అమెరికాలో జె. బి. రైన్ వద్ద పరిశోధన చేసి, 1967లో వాల్తేరులో మనోవిజ్ఞాన, పరామనోవిజ్ఞాన శాఖను నెలకొల్పారు. అనంతరం ఆ విశ్వవిద్యాలయానికే ఉపకులపతి అయ్యారు. ఆయన అతీంద్రియ పరిశోధనల ఫలితాలు ఇతర ప్రయోగశాలలలో నిలకడగా పునరావృతం కాలేదన్న విమర్శ బలమైనదే. కాని 2002లో వెలువడిన ఆయన చైతన్య అధ్యయన గ్రంథం విలువ ఆ వివాదంపై ఆధారపడదు. మనస్సు వేరు, చైతన్యం వేరు అన్న భారతీయ భేదాన్ని పాశ్చాత్య మనోవిజ్ఞానం గుర్తించనందువల్లనే అనేక చిక్కులు వచ్చాయని ఆయన వాదించారు. ఆ చర్చకు పునాదులు ప్రధానంగా బౌద్ధం, సాంఖ్యయోగం, అద్వైతం. వాల్తేరు నుండి బిలాస్‌పూర్‌కు రైలు ఉన్నది గాని, ఆ తత్త్వచర్చలో చంపారణ్యం దాకా దారి ఇంకా పడవలసి ఉంది.

ఇక పోలిక తెగిపోయే చోటు. సర్వచైతన్యవాదానికి అతి పెద్ద చిక్కు సంయోగ సమస్య. అణువు అణువుకూ ఇసుమంత ఎరుక ఉన్నదే అనుకొందాం. ఆ కణికలన్నీ కూడి "నేను" అనే ఒక్క అనుభవంగా ఎలా మారతాయి? విలియం జేమ్స్ 1890లోనే ఈ ప్రశ్న వేశాడు. నేటికీ ఒప్పుదల కలిగించే సమాధానం లేదు. వల్లభులకు ఈ చిక్కు రాదు. ఎందుకంటే ఆయన చైతన్యాన్ని చిన్న ముక్కల నుండి కూర్చలేదు. అఖండ బ్రహ్మం నుండి రవ్వగా జీవుని దించారు. కాని ఆయనకు మరో చిక్కు వస్తుంది: పరిపూర్ణమైన బ్రహ్మం రాయిలో తన చిదంశను ఎందుకు మరుగుపరచుకొన్నది? దానికి ఆయన సమాధానం లీల. భక్తునికి అంతకుమించిన సమాధానం అవసరం లేదు. ప్రయోగశాలకు మాత్రం అది సమాధానమే కాదు. ఏ కొలతతోనూ దానిని సరిచూడలేము. ఈ మాట దాచిపెట్టి, వల్లభులు ఆధునిక విజ్ఞానాన్ని అయిదు వందల ఏళ్ల క్రితమే కనిపెట్టారని సభలలో కరతాళధ్వనులు పొందడం ఆచార్యులకు గౌరవం కాదు.

కొలత కుదిరే సిద్ధాంతాల స్థితి కూడ నిబ్బరంగా లేదు. జూలియో టొనోనీ 2004లో ప్రతిపాదించిన సమీకృత సమాచార సిద్ధాంతం, వ్యవస్థలోని భాగాలు ఒకదానితో ఒకటి ఎంతగా పెనవేసుకొన్నవో గణించి, ఆ మేరకు చైతన్యం ఉన్నదంటుంది. పందెంలో ఓడిన కాఖ్ నేడు దీని ప్రధాన సమర్థకులలో ఒకరు. ఈ లెక్కన ఎంతో సరళమైన వ్యవస్థలకూ కొంత ఎరుక అంటగట్టవలసివస్తుంది. 2023లో వందమందికి పైగా పండితులు దీనిని మిథ్యావిజ్ఞానమని బహిరంగ లేఖలో నిరసించారు. అది తొందరపాటు అని మరికొందరు వారిని మందలించారు. ఈ సిద్ధాంతాన్నీ, దీనికి ప్రత్యర్థి అయిన సమాచార విశ్వవేదిక సిద్ధాంతాన్నీ 256 మంది వ్యక్తులపై ఒకే ప్రయోగంతో పరీక్షించి 2025లో 'నేచర్' పత్రిక ఫలితాలను ప్రకటించగా, రెండింటి ముఖ్యాంశాలకూ చిక్కులు ఎదురైనట్లు తేలింది.

సిద్ధాంతాలు ఇలా తేలకుండా ఉండగానే, వైద్యశాలలలో ప్రశ్న జీవన్మరణ సమస్యగా మారింది. పాతకాలపు స్టేషన్లలో స్టేషను మాస్టరుకు రెండు స్టేషన్ల నడుమ పరుగెత్తే రైలు కనబడదు. బ్లాకు యంత్రంపై సూచిక తిరగడాన్ని, గంట మ్రోగడాన్ని బట్టి లైన్‌క్లియర్ ఇస్తాడు. అది ప్రత్యక్షం కాదు, అనుమానం. ఇతరుల చైతన్యం విషయంలో మనమందరం ఆ స్టేషను మాస్టరు స్థితిలోనే ఉన్నాము. సూచిక కదలకపోతే లోపల రైలు లేదనుకోవచ్చునా? 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం, రోడ్డు ప్రమాదంలో మెదడు దెబ్బతిని ఏ స్పందనా చూపని ఇరవైమూడేళ్ల యువతిని, టెన్నిస్ ఆడుతున్నట్లు ఊహించుకొమ్మని కోరింది. ఆమె శరీరం కదలలేదు. స్కానింగులో మాత్రం, ఆరోగ్యవంతులు అదే ఊహ చేసినప్పుడు మేల్కొనే మెదడు భాగమే మేల్కొన్నది. 2024లో అనేక దేశాల వైద్యులు కలిసి ప్రచురించిన అధ్యయనంలో, ఆజ్ఞకు బాహ్యంగా స్పందించని 241 మంది రోగులలో 60 మంది, అంటే నలుగురిలో ఒకరు, మెదడు పరీక్షలో స్పందించినట్లు కనుగొన్నారు. అట్టివారి పడక వద్ద వైద్యుడు, బంధువులు తీసుకొనే నిర్ణయం ఎంత బరువైనదో ఊహించవచ్చు. చిదంశ లేదు అనడానికీ తిరోహితమై ఉన్నది అనడానికీ గల తేడా అక్కడ శాస్త్రవాదం కాదు.

శిశువుల విషయంలోనూ ఇదే ప్రశ్న రేగుతున్నది. పుట్టిన బిడ్డ తన అనుభవాన్ని చెప్పలేదు, ఆజ్ఞను గ్రహించలేదు. ఇరవయ్యవ శతాబ్ది ఎనభయ్యవ దశకం వరకు పలు దేశాలలో నవజాత శిశువులకు తగిన మత్తుమందు లేకుండానే శస్త్రచికిత్సలు చేసేవారంటే, వారికి బాధ తెలియదన్న భావన ఎంత బలంగా ఉండేదో అర్థమవుతుంది. 2023లో టిమ్ బేన్, ఆయన సహచరులు అప్పటివరకు లభించిన నాడీ పరిశోధనలను సమీక్షించి, పుట్టిన నాటికే, బహుశా గర్భంలో చివరి నెలలకే, శిశువుకు చైతన్యం ఉండే అవకాశం ఉందని సూచించారు. చంపారణ్యంలో ఆ తెలుగు దంపతులు నెలలు నిండని బిడ్డను జమ్మిచెట్టు క్రింద ఉంచి వెళ్లినది ఆ చివరి నెలలలోనే. శ్వాస, కదలిక, ఏడుపు తప్ప వారి చేతిలో వేరే సూచిక లేదు. నేటి నవజాత శిశు విభాగాలలో మెదడు తరంగాల యంత్రాలు ఉన్నాయి. అవి చూపే గీతలలో ఎరుక ఏ గీత వద్ద మొదలవుతుందో చెప్పే ఏకాభిప్రాయం మాత్రం ఇంకా ఏర్పడలేదు.